మొదటి డోలు మోగేలోపు

మాంటెవిడియో,
1999 జనవరి 12, మంగళవారం

ప్రియమైన ఓఫేలియా అత్తయ్యకు,

నిన్న పొద్దున్నే ఒక ఆశ్చర్యం: నా ప్రోగ్రాం పనిచేసింది, ప్రొఫెసర్ బెర్మూదెస్ గారు దాన్ని పారెయ్యమన్నారు. రెండూ ఒకే నిమిషంలో జరిగాయి.

జనవరిలో మా ఫ్యాకల్టీ అంతా సముద్రం ఒడ్డున ఇసుకలో పడుకుని ఉంటుంది. ఆవిడ మాత్రం ఎండ పడదని కిటికీలు మూసుకుని గదిలోనే కూర్చుంటారు. నేను మన కార్నివాల్ పాటల పోటీ కోసం రాసిన లెక్కల ప్రోగ్రాం చూపించాను. ఐదుగురు న్యాయనిర్ణేతలు గొంతులకూ మాటలకూ వేషాలకూ కదలికకూ వేసే మార్కులు ఎక్కించాను. గెలిచిన ముర్గా పాటల జట్టు పేరు తెర మీదికి వచ్చింది. నా మొహం ఎంత వెలిగిపోయి ఉంటుందో ఊహించుకో.

"నిబంధన మారితే?" అన్నారావిడ.

"ఏ నిబంధనండీ?"

"మీ ఊళ్ళో ఏటా మారుస్తారని నువ్వే చెప్పావు కదా. ఒక ఏడు అందరి మార్కులూ కలుపుతారు, ఇంకో ఏడు అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేస్తారు. ఎక్కడ మార్చాలో చూపించు."

చూపించాను. ఇక్కడ మార్చాలి, ఇక్కడ కూడా, ఇదిగో ఇక్కడ కూడా. నా వేలు తెర మీద చీమలా తిరుగుతుంటే నాకే నవ్వొచ్చింది. "ఇది ప్రోగ్రాం కాదమ్మాయ్, పిండిముద్ద. ఎక్కడ నొక్కినా అంతా సొట్టపడుతుంది" అని ఆవిడ ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు.

అత్తయ్యా, ఆ కట్ట చదివాక నాకు నిద్ర పట్టలేదు. మేం ప్రోగ్రాములు రాసేది వస్తువులతో. ఒక్కో పనికి ఒక్కో వస్తువును పెడతాం. మార్కులు దాచుకునేది ఒకటి, లెక్క కట్టేది ఒకటి, ఫలితం అచ్చువేసేది ఒకటి. అవి ఒకదాన్నొకటి అడుగుతూ, చెప్పుకుంటూ పని నడిపిస్తాయి. అయితే వాటిని ఎలా అమర్చాలన్న దగ్గరే అందరూ ఒకే రకం చిక్కుల్లో పడుతుంటారట. ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళు, వేరే వేరే దేశాల్లో, అదే చిక్కులో పడి చివరికి అదే దారి కనుక్కున్నారు. అలాంటి ఒక్కో దారికీ ఒక్కో పేరు పెట్టారు. వాటినే డిజైన్ ప్యాటర్నులు అంటారు. చిక్కుకు పేరు దొరికితే సగం భయం పోతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇప్పుడు అద్దం ముందు నిలబడి ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి అనుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెడుతున్నాను. నా ప్రాజెక్టు షరతు నీకు తెలుసు కదా. నిజమైన మనుషులు, నిజమైన పనికి, నేను పక్కన లేకుండా వాడాలి. "పక్కన నువ్వు నిలబడితే తప్ప నడవని ప్రోగ్రాం ఇంకా పుట్టనట్టే" అంటారు బెర్మూదెస్ గారు. ఫిబ్రవరి ఇరవైన ఫైనల్‌లో మన ఊరు పాసో హోందో నా ప్రోగ్రాం వాడకపోతే ఈ ఏడాది నా చదువు అక్కడే ఆగిపోతుంది. కమిటీ కార్యదర్శివి నువ్వు. నీ చేతుల్లో ఉన్నాను.

ఎండకు కాళ్ళు వాచకుండా చూసుకో.

నీ మేనకోడలు,
అనాయీ


పాసో హోందో,
జనవరి 16, శనివారం

ఒసేయ్ అనాయీ,

నీ ఉత్తరం బస్సులో వచ్చి, బస్సు ఆఫీసులోనే రెండు రోజులు ఉండిపోయింది. అక్కడ కుర్చీలో కూర్చునేవాడికి ఫుట్‌బాల్ ఉన్నప్పుడు నేను కనపడను. ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. ఫోన్లో నాకు మాట కన్నా ముందు కోపం వచ్చేస్తుంది, ఆ కోపానికి కూడా బిల్లు వేస్తారు.

పనిచేసేదాన్ని పారెయ్యమందా ఆవిడ? ఆవిడకి ఎవరూ లేరా ఇంట్లో? నీ బిడ్డ నడుస్తోంది గానీ నడక బాలేదు, ఇంకో బిడ్డని కను అన్నట్టుంది. సరే, పెద్ద చదువులావిడ.

నాకు నచ్చనిది వేరే ఉంది. ఎవరో కనుక్కున్న దారి, ఎవరో పెట్టిన పేరు, అవి తెచ్చి నువ్వు వాడతావా? మన ఇంట్లో కాపీ కొట్టిన వాళ్ళు లేరు. మీ నాన్న లెక్కల్లో తప్పాడు గానీ పక్కవాడి కాగితం చూడలేదు. నీ బుర్ర తక్కువదా? నీది నువ్వు రాయి. అది ముద్దయినా నీ ముద్ద.

ఇక్కడ సంగతులు. పోయినేడు నేను మైకులో ఒక ముర్గా పేరు చెప్పి, జనం గంతులేశాక మళ్ళీ ఎక్కి "కాదు, ఇంకొకరు" అన్నది నువ్వు మర్చిపోయావేమో గానీ ఊరు మర్చిపోలేదు. ముగ్గురం కూడితే మూడు లెక్కలొచ్చాయి, నేనేం చెయ్యను? ఇప్పటికీ నా మందుల షాపులో తలనొప్పి బిళ్ళ చేతికిస్తే "ఖాయంగా ఇదేనా ఓఫేలియా, లేకపోతే మళ్ళీ వచ్చి ఇంకోటిస్తావా?" అంటున్నారు. అలా పేరు మార్చి కప్పు లాగేసుకున్నది ఏబెర్ సోసా ముర్గా నుంచే. వాడు నాతో ఒకటో తరగతి నుంచి చదివాడు, ఇప్పుడు దారిలో కనపడితే ఎదురు ఫుట్‌పాత్‌కి పోతున్నాడు.

అందుకే కమిటీలో "ఈసారి లెక్క మా అమ్మాయి మెషినుది" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. నిబంధన ఏంటో ఇంకా తేల్చలేదు. తేలుస్తారు, ఎప్పట్లాగే చివర్లో, అరుచుకుని. అప్పుడు నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది? అది చెప్పు ముందు.

ఓఫేలియా


మాంటెవిడియో,
జనవరి 20, బుధవారం

అత్తయ్యా,

కాపీ అన్నావని ఒక పూటంతా అలిగాను. తర్వాత నిన్ననే నవ్వుకుంటూ ఒప్పుకున్నాను, నీకు సరిగా చెప్పనిది నేనే.

మన ముర్గా ఒకటి తీసుకో. ముఖాలకు రంగు పూసుకుని పదిహేడు మంది వేదిక ఎక్కుతారు. ముందు పలకరింపు పాట. తర్వాత ఆ ఏడాది సంగతులన్నీ గుదిగుచ్చిన పాట. తర్వాత ఒకణ్ణి పట్టుకుని ఏడిపించే పాట. ఆఖరున అందరికీ కళ్ళు చెమ్మగిల్లే వీడ్కోలు. ఈ వరస ఏబెర్ గారిదా? ఆయన తాతలదా? ఎవరిదీ కాదు. వరస అదే, లోపల నింపేది మాత్రం ప్రతి ముర్గాకీ సొంతం. ప్యాటర్నుల్లో అచ్చం ఇలాంటిదే ఒకటి ఉంది, నేను దానికి "చట్రం" అని పేరు పెట్టుకున్నాను. పనుల వరసను ఒక చోట కట్టేస్తాం. ఒక్కో మెట్టులో ఏం జరగాలో తర్వాత వచ్చేవాళ్ళకు వదిలేస్తాం. నా ప్రోగ్రాంలో కూడా అంతే: మార్కులు తీసుకో, సరిచూడు, లెక్కకట్టు, అచ్చువెయ్యి.

ఇంకో మాట. మన వాళ్ళు పాటకు బాణీ ఎక్కడ తెస్తారు? రేడియోలో అందరికీ తెలిసినదే పట్టుకొచ్చి కొత్త మాటలు కడతారు. "బాణీ దొంగిలించాడు" అని ఎవరైనా మార్కులు తీశారా? బాణీ తెలిసినదైతేనే మాట చురుగ్గా తగులుతుందని నువ్వే అంటావు. ప్యాటర్ను నా బాణీ. మాటలు నావి.

ఇప్పుడు నీ ప్రశ్న. నిబంధన చివర్లో తేలితే ఏం చేస్తాను? దానికీ ఒక దారి ఉంది. పేరు "వ్యూహం". లెక్కకట్టే పద్ధతిని మిగతా ప్రోగ్రాం నుంచి బయటికి లాగి, ఒక్కో పద్ధతికి ఒక్కో వస్తువు చేశాను. అన్నీ కలిపేది ఒకటి, ఎక్కువ తక్కువలు తీసేసేది ఒకటి, సగటు కట్టేది ఒకటి. మూడూ ఒకే ఆకారంలో ఉంటాయి, దేన్నయినా అదే గూట్లో పెట్టొచ్చు. మిగతా ప్రోగ్రాంకు లోపల ఏది ఉందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. "ఇవిగో మార్కులు, మొత్తం ఎంత?" అని అడుగుతుంది, అంతే. అందువల్ల ఏ లెక్క కావాలంటే ఆ లెక్క చివరి నిమిషంలో కూడా మార్చుకోవచ్చు! ఈ వాక్యం రాస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో.

మూడోది వినేవాళ్ళ పద్ధతి. వాన పడి ఆట ఆగిపోతే నువ్వేం చేస్తావు? రేడియోకి చెప్పాలి, ముర్గాల బస్సులకు చెప్పాలి, మైకు కారుకు చెప్పాలి. ఎవరికో ఒకరికి మర్చిపోతావు, వాళ్ళు రంగులు పూసుకుని తడుస్తూ వస్తారు. దాని బదులు, తెలుసుకోవాలనుకునే వాళ్ళు ముందే వచ్చి పేరు చెప్పుకుంటే, సంగతి మారగానే అందరికీ ఒకేసారి వెళ్ళిపోతుంది. నా ప్రోగ్రాంలో తెరా ప్రింటరూ అలా పేరు చెప్పుకుని కూర్చున్నాయి. రేపు రేడియో వాళ్ళు కూడా కావాలంటే వాళ్ళ పేరు చేరుస్తాను, ఇంకేమీ కదపను.

కమిటీలో ఎవరికైనా అనుమానం ఉంటే ఈ ఉత్తరం చదివి వినిపించు.

నీ అనాయీ


పాసో హోందో,
జనవరి 27, బుధవారం

పిల్లా,

బస్సు కదిలిపోతోంది, నాలుగు ముక్కలే రాస్తున్నా. నీ ఉత్తరం కమిటీలో నిలబడి చదివాను. బాణీ సంగతి దగ్గర అందరూ బల్లలు చరిచారు. ముర్గాల పెద్దలు కూడా వచ్చారు, ఏబెర్ సహా. వాడు చివరి దాకా విని లేచి వెళ్ళిపోయాడు.

నిన్న రాత్రి వాడి ముర్గా మొదటి ఆట. వాడు నీ మీద పాట కట్టాడు. ఊళ్ళో అందరి నోటా నీ పేరే. మిగతాది తీరిగ్గా రాస్తాను, అప్పటిదాకా నువ్వు చదువు మీద మనసు పెట్టు.

ఓఫేలియా


మాంటెవిడియో,
జనవరి 30, శనివారం

అత్తయ్యా! అత్తయ్యా!

పాటా? నా మీదా? ఏబెర్ సోసా గారు?

మేయర్ మీద కడతారు, ఫుట్‌బాల్ కోచ్ మీద కడతారు. ఒక ప్రోగ్రాం మీద, దాన్ని రాసిన అమ్మాయి మీద ముర్గా పాట కట్టడం ఈ దేశంలో ఇదే మొదటిసారేమో. హాస్టల్లో అందరికీ చెప్పేశాను. బెర్మూదెస్ గారికీ చెప్పాను. "పరీక్ష రోజున ఆ పాట బోర్డు మీద రాసిపెట్టు" అన్నారు, నవ్వకుండానే. కమిటీ ఇంత గౌరవం ఇచ్చాక ఇంక ఫైనల్‌కి అడ్డేముంది? మాటలు వెంటనే పంపు. ఏ బాణీకి కట్టారో కూడా రాయి.

ఇక్కడ మాత్రం నాకు అక్షింతలు పడ్డాయి. పేర్లు నేర్చుకున్న ఉత్సాహంలో ప్యాటర్ను లేని చోటల్లా ప్యాటర్ను పెట్టాను. "ఇప్పుడు సమయం ఎంత" అని చెప్పడానికి కూడా నాలుగు వస్తువులు! బెర్మూదెస్ గారు చదివి చదివి, "ఉప్పు కొత్తగా కనుక్కున్నట్టుంది నీ వంట" అన్నారు. తర్వాత ఒక ప్రశ్న నేర్పారు: ఇక్కడ రేపు ఏది మారుతుంది? మారేదాన్ని వేరు చెయ్, మారనిదాన్ని మామూలుగా రాసి వదిలెయ్. ప్యాటర్ను వాడినందుకు ఎవరూ మార్కులు వెయ్యరు, వాడాల్సిన చోటు కనుక్కున్నందుకు వేస్తారు. సగం కొట్టేశాను. ప్రోగ్రాం సన్నబడి అందంగా తయారైంది, సెలవులకు ఊరెళ్ళొచ్చినట్టు.

పాట మాటలు! మర్చిపోకు.

అనాయీ


పాసో హోందో,
ఫిబ్రవరి 3, బుధవారం

అనాయీ,

నీ ఉత్తరం చదివి గల్లాపెట్టె దగ్గరే కూర్చుండిపోయాను. నువ్వలా సంబరపడతావని తెలిస్తే ఆ రోజు బస్సు ఆపైనా మొత్తం రాసేదాన్ని. ఎలా చెప్పాలో తెలియక దాటేశాను. ఇదీ పాట:

అత్త నొక్కెను మీట, మేనకోడలు పాడెను పాట,
ఏ లెక్క కావాలంటే ఆ లెక్క, చివరి నిమిషం మాట!
గొంతులెందుకు, రంగులెందుకు, ఎందుకు మనకీ ఆట?
కప్పు ఎవరిదో పెట్టెకు తెలుసు, పదండి ఇంటి బాట!

ఆ "చివరి నిమిషం" దగ్గర పదిహేడు మందీ ఒక్కసారి ఆగుతారు, డోలు ఒక్క దెబ్బ, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. బాగా కట్టాడు, వాడి నోట్లో మన్ను పడ. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. కదిలితే ఓడిపోయినట్టని కదల్లేదు.

నీ వాక్యమే అది. నేనే చదివాను గొంతెత్తి. వాడికి వినపడింది ఏంటంటే, ఓఫేలియా గెలిచినవాణ్ణి చూసుకుని, నచ్చకపోతే లెక్క మార్చేస్తుందని. పోయినేడు ఒకసారి మార్చిందిగా! ఇప్పుడు షాపుకి ఎవరొచ్చినా ఆ పాటే ఈల వేస్తూ వస్తున్నారు. నిన్న పాదిరి గారు కూడా వేశారు, తెలియక వేశానన్నారు.

కమిటీలో సగం మంది "కాగితం మీదే కూడదాం, గొడవుండదు" అంటున్నారు. పదకొండో తారీఖున ఓటు. వాళ్ళు కాగితం అంటే నీ చదువు సంగతేంటి? నాకు వాడి గొంతు పిసకాలనుంది. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు? ఆ మెషిను అలాంటి పని చెయ్యదని ఒట్టేసి రాయి, చదువుతాను.

ఓఫేలియా


మాంటెవిడియో,
ఫిబ్రవరి 6, శనివారం

అత్తయ్యా,

ఒట్టు వెయ్యలేను.

మొదటి రోజు ఏడ్చాను. హాస్టల్లో వాళ్ళు మాటలు వచ్చాయా అని అడుగుతుంటే ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను. రెండో రోజు ఏబెర్ గారికి ఒక పొడుగు ఉత్తరం రాశాను, అందులో "మీకేం తెలుసు" అన్న ముక్క ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుని చింపేశాను. మూడో రోజు ఆయన తప్పని రుజువు చేద్దామని ప్రోగ్రాం తెరిచాను. పోటీ మధ్యలో లెక్క పద్ధతి మార్చబోయాను, "మార్చకూడదు" అని అడ్డుపడుతుందేమోనని.

అడ్డుపడలేదు. మార్చేసింది. మూడో స్థానం మొదటి స్థానమైంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఒక్క ముక్క ఎక్కడా లేదు.

నువ్వు ఆ పని చెయ్యవు. చెయ్యవని నాకు తెలుసు, ఏబెర్ గారికి తెలియదు. తెలుసుకోవాల్సిన బాధ్యత ఆయనది కాదు కదా. మీట దగ్గర ఎవరు కూర్చున్నా లెక్క నమ్మేలా ఉండాలి. నేను మార్చడం ఎంత సులువో చూసుకుని మురిసిపోయాను. ఎప్పుడు మార్చకూడదో అడగనే లేదు. వ్యూహం తప్పు కాదు, గూటికి తలుపు పెట్టకపోవడం తప్పు.

ఇప్పుడు పెట్టాను. పోటీకి మూడు స్థితులు: మొదలు కానిది, నడుస్తున్నది, ముగిసినది. దీనికీ ప్యాటర్ను ఉంది, పేరు "స్థితి". ఒక్కో స్థితీ ఒక్కో వస్తువు, ఏ పని ఒప్పుకోవాలో ఏది ఒప్పుకోకూడదో దానికే తెలుసు. మొదలు కానప్పుడు పద్ధతి మార్చమంటే సరేనంటుంది. మొదటి డోలు మోగి ఎవరో ఒకరు తాళం వేసే మీట నొక్కాక మార్చమంటే ఒప్పుకోదు. నేనడిగినా ఒప్పుకోదు. పైగా ప్రతి ఫలితం కాగితం మీదా పద్ధతి పేరు పైనే పెద్ద అక్షరాల్లో పడుతుంది.

ఈ ఉత్తరం కూడా నిలబడి చదువు అత్తయ్యా, ఒట్టు వెయ్యలేనన్న మాటతో సహా. ఆయన వినేలా చదువు.

అనాయీ


పాసో హోందో,
ఫిబ్రవరి 12, శుక్రవారం

నా తల్లీ,

చదివాను. "ఒట్టు వెయ్యలేను" దగ్గర ఏబెర్ కుర్చీ ముందుకి జరిగింది. "మూడో స్థానం మొదటి స్థానమైంది" దగ్గర వాడు చుట్టూ చూశాడు, విన్నారా అన్నట్టు. ఆ తర్వాత మాత్రం ఎటూ చూడలేదు.

నేను కాగితం మడవగానే వాడే లేచాడు. "ఓఫేలియా, ఆ తాళం మీట ఎవరు నొక్కుతారు?"

"నువ్వు నొక్కు," అన్నాను. నోరు జారింది, కానీ జారింది మంచికే.

"నేనా? నాకు టీవీ మీటలే సరిగా రావు."

"ఒక్కటే మీట ఏబెర్. పదిహేడు మందిని పాడిస్తావు, ఒక్క మీట నొక్కలేవా?"

జనం నవ్వారు. వాడూ నవ్వాడు, మీసం చాటున. తర్వాత షరతు పెట్టాడు: పద్ధతి ఏదో వేదిక మీదే, ముర్గాల పెద్దలందరూ చెయ్యెత్తి తేల్చాలి, డోలు మోగాలి, అప్పుడు వాడు నొక్కాలి. కాగితం మీద కూడా పక్కన కూడాలి. ఓటేశారు. నీ ప్రోగ్రామే గెలిచింది.

బయటికి వచ్చాక వాడు "పాటలోంచి ఆ చరణం తీసెయ్యమంటావా?" అన్నాడు. "తీస్తే నీ ముర్గాకి మాటల్లో మార్కులు పోతాయి, ఉండనీ" అన్నాను. ఇవాళ వాడు ఎదురు ఫుట్‌పాత్‌కి పోలేదు.

మీ నాన్నకి చెప్పాను. కొత్త చొక్కా వేసుకుని చావడి దాకా వెళ్ళి, ఊరికే తిరిగొచ్చాడు.

ఓఫేలియా


పాసో హోందో,
ఫిబ్రవరి 21, ఆదివారం

అనాయీ,

విను. కూర్చుని విను.

నిన్న సాయంత్రం వేదిక ముందంతా జనంతో నిండిపోయింది. స్కూలు కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాం. నువ్వు బస్సులో పంపిన ఫ్లాపీ అందులో పెట్టాం, అన్నీ సిద్ధం. అప్పుడు తెలిసింది, ఒక న్యాయనిర్ణేత రాలేదు. పైన వానలకి వాగు పొంగి ఆవిడ బస్సు అవతలే ఉండిపోయింది. ఎక్కువా తక్కువా తీసే పద్ధతికే చెయ్యెత్తుతారని అనుకున్నాం, ఐదుగురిలో అలా తీస్తే ముగ్గురుంటారు. నలుగురిలో తీస్తే ఇద్దరే మిగులుతారు. ఇద్దరితో కప్పు ఇస్తారా? కేకలు మొదలయ్యాయి. ఎవడో వెనక నుంచి "చివరి నిమిషం!" అని పాడాడు, వెయ్యి మంది అందుకున్నారు. నువ్వుంటే బాగుండు అనుకున్నాను. వెంటనే, లేకపోవడమే కదా పరీక్ష అనుకున్నాను.

మైకు తీసుకున్నాను. "ఇంకా డోలు మోగలేదు. మోగేలోపు మార్చుకోవచ్చు, మోగాక నేను కాదు కదా ఆ దేవుడు కూడా మార్చలేడు. పెద్దలు పైకి రండి."

ఆరుగురూ వచ్చారు. నలుగురి మార్కులకీ సగటు కడదామని ఒకాయన అన్నాడు. చేతులు లేచాయి. ఆఖరి చెయ్యి ఏబెర్‌ది, కానీ లేచింది. నువ్వు రాసిపెట్టినట్టే "సగటు" ఎంచుకున్నాను. ఒక్క చోటే, అమ్మాయ్! వేరే ఏదీ కదపలేదు. డోలు మోగింది. ఏబెర్ ముందుకొచ్చి, వేలు ప్యాంటుకి తుడుచుకుని, మీట నొక్కాడు. ఆ తర్వాత నావైపు తిరిగి "ఇప్పుడు మార్చు చూద్దాం" అన్నాడు. అందరి ముందూ మార్చబోయాను. ఒప్పుకోలేదు. జనం గోల చేశారు చూడు, గోలు కొట్టినట్టు.

చివరి ముర్గా దిగిన కాసేపటికే ఫలితం. కాగితం మీద కూడిన వాళ్ళు మాకన్నా చాలాసేపటికి ముగించారు, అదే లెక్క వచ్చింది. ఏబెర్ వాళ్ళు రెండో స్థానం. పేరు చదువుతుంటే వాడి మొహం చూడలేకపోయాను. ఒక్కసారే చదివాను, ఒక్కసారే మైకు దిగాను. వాడు వచ్చి ఆ కాగితం అడిగాడు, పైన "సగటు" అని ఉందో లేదో చూసుకున్నాడు. "ఓడిపోయాం ఓఫేలియా. ఈసారి మాత్రం సరిగ్గా ఓడిపోయాం" అని నా చెయ్యి ఊపాడు. చాలాసేపు ఊపాడు.

మీ పరీక్షకి ప్రోగ్రాం వాడినవాళ్ళు ఒకరు వచ్చి నాలుగు మాటలు చెప్పాలని రాశావటగా మీ నాన్నకి. నేను వస్తానన్నాను. పక్కనుంచి ఏబెర్ "మీట నొక్కింది నేను. నేను రాకుండా ఎలా?" అన్నాడు. ఆపలేకపోయాను. ఇద్దరం బుధవారం రాత్రి బస్సుకి ఎక్కుతున్నాం.

నీ మేనత్త,
ఓఫేలియా


మాంటెవిడియో,
ఫిబ్రవరి 24, బుధవారం

ప్రియమైన అత్తయ్యకు,

ఇది మధ్యాహ్నం బస్సుకి ఇస్తున్నాను, మీరు ఎక్కేలోపు చేతికి అందుతుందని.

నీ ఉత్తరాన్ని బెర్మూదెస్ గారి గదిలో పైకి చదివాను. వాగు దగ్గర ఆవిడ కళ్ళజోడు తీశారు. డోలు దగ్గర మళ్ళీ పెట్టుకున్నారు. అంతా అయ్యాక లేచి, ఎండ పడదన్న ఆవిడే కిటికీ తెరిచి, "ఆ వాగు నీకు నాకన్నా ముందే పరీక్ష పెట్టేసింది" అన్నారు. అంతకు మించి పొగడరు ఆవిడ, అది చాలు నాకు.

రేపటి ప్రసంగం తిరగరాశాను. ఇదివరకు మొదటి పేజీలో ప్యాటర్నుల పేర్లుండేవి, ఒక్కోదానికి ఒక్కో అందమైన వాక్యం. ఆ వాక్యాలంటే నాకిప్పటికీ ప్రేమే. కానీ రేపు పొంగిన వాగుతో మొదలుపెడతాను. ఐదుగురు రావాల్సిన చోట నలుగురే వచ్చారు, ఏం మారాలి, ఏం మారకూడదు, ఎప్పటిదాకా మారొచ్చు అని అడుగుతాను. వినేవాళ్ళు ఆ చిక్కులో నాతో పాటు కాసేపు నిలబడ్డాక పేర్లు చెబుతాను. అప్పుడవి వాళ్ళకూ ముద్దొస్తాయి.

ఏబెర్ గారికి చెప్పు, ఆయన్ని భయపడొద్దని. ముగ్గురు పరీక్షకులు, ఒక బల్ల, మైకు కూడా ఉండదు. నేనాయన్ని ఇలా పరిచయం చేస్తాను: "వీరు ఏబెర్ సోసా గారు. నా ప్రోగ్రాంలో అసలు లోపం పట్టుకున్నది వీరే." తర్వాత నిన్ను చూపించి, "వీరు మా మేనత్త, నేను లేకుండా దాన్ని నడిపింది వీరే" అంటాను.

బస్సు పొద్దున ఆరింటికి వస్తుంది. నేను ఐదున్నరకే టెర్మినల్‌లో, మీరు దిగే చోటే ఉంటాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు, మాతే టీ ఆకు, వేడి వేడి బిస్కోచో రొట్టెలు తెస్తాను. బల్ల మీద కూర్చుని తిందాం. తర్వాత పార్కు మీదుగా నడిచే వెళ్దాం, పొద్దున ఎండ మెత్తగా ఉంటుంది. తొమ్మిదింటికి మన పేరు పిలుస్తారు.

అనాయీ